గోనెపట్టాల చాటు మడి

చలి తగ్గుతున్న రోజుల్లో అరబ్బు దేశంలోని బర్కాలో ఒక ఖర్జూర తోట చూడటానికి వెళ్లాను. అక్కడ పనిచేసే జగిత్యాల మల్లేశం తోటంతా తిప్పాడు కానీ, గోనెపట్టాలు కట్టిన మడి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. అనుమానంతో తొంగిచూశాను. మోకాలెత్తు మొక్కలు, వేళ్లలా చీలిన రంపపు అంచుల ఆకులు. గంజాయే అనుకున్నాను. ఫోన్ తీయగానే అడ్డొచ్చాడు.

“ఫోటో వద్దన్నా.”

“ఏం పండిస్తున్నావిక్కడ?” అన్నాను కటువుగా.

ఒక ఆకు తెంపి తను నమిలి, ఇంకోటి నాకిచ్చాడు. భయంభయంగా కొరికాను. పులుపు. గోంగూర!

“మా పుంటికూరనే. తోట ఆసామి, మా అర్బాబ్ సుత గిట్లనే అనుమానపడ్డడు. తినిపిస్తే నమ్మిండు.”

“మరి ఫోటో తీస్తే ఏమైంది?”

“ఫోటోల పులుపు కనవడదు గదా అన్నా!”