కళ్ళు మూసుకుని పోట్లాడుకున్న రోజులు

మొన్న తెనాలిలో మా తమ్ముడింట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన జరుగుతుండగా, వాడి భార్య కాస్త గొంతు పెంచి, ఈ ఇంటి కోడలికి పెద్దల మాట వినే మనసు దయచేయమని దేవుణ్ణి వేడుకుంది. ఆ కొత్త కోడలు ఒక కన్ను తెరిచి నావైపు చూసింది. నా కళ్ళూ తెరిచే ఉన్నాయి కాబట్టే ఆ సంగతి నాకు తెలిసిందనుకోండి. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో తెలియదు, అందరూ ఆమేన్ అని లేచిపోయినా నేను తలెత్తలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రేపల్లెకు కాపురానికి వెళ్ళాను. ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆయన, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని తమ్ముణ్ణి తల్లిలా సాకిన మా ఆయన అక్కగారు, అంటే మా వదిన. నేను బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని, పొద్దున్నే బస్సెక్కితే దీపాలవేళకు ఇల్లు చేరేదాన్ని. ఆ ఉద్యోగం ఆవిడకు నచ్చేది కాదు, ఆవిడ నాకు నచ్చేది కాదు. అయినా పగలంతా మర్యాదగానే మసలేవాళ్ళం, తగవంతా ప్రార్థనలోనే. క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన మన తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, చాప పరుచుకుని కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి, ఒకరు చేస్తుండగా ఇంకొకరు నోరెత్తకూడదు. పోట్లాటకు ఇంతకన్నా చక్కని ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు.

ఆవిడ "పరిశుద్ధుడవైన తండ్రీ" అని గ్రాంథికంలో మొదలుపెట్టి, రెండో వాక్యానికల్లా రేపల్లె బజారులోకి దిగిపోయేది. "చదువొక్కటీ ఉంటే సరిపోద్దా తండ్రీ, పులుసులో ఉప్పెయ్యాలన్న జ్ఞానం కూడా ఈ పిల్లకి నువ్వే ఇయ్యాల." నేను నా వంతు వచ్చేదాకా పళ్ళు బిగబట్టుకుని, ఉప్పు నిన్న ఎక్కువైందనీ ఇవాళ తక్కువైందనీ అనే నాలుకలను స్వస్థపరచమని ప్రభువును బతిమాలేదాన్ని. మా ఆయన ఇద్దరి ప్రార్థనకూ ఒకే గొంతుతో ఆమేన్ అనేవారు. మీరు ఎవరివైపో తేల్చమని ఒకసారి నిలదీస్తే, దేవుడివైపు అని చెప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

పెళ్ళయిన చాలా కాలానికి నేను నెల తప్పాను. అప్పటినుంచి ఉప్పు పక్కకుపోయి బస్సు వచ్చింది. "ఆ గతుకుల్లో, ఆ కుదుపుల్లో ఏమన్నా అయితే ఎవరిది తండ్రీ పూచీ? చెప్పేదాన్ని చెప్పా, ఇంక నీ ఇష్టం" అని ఆవిడ రోజూ కళ్ళు మూసుకుని నన్ను హెచ్చరించేది. డాక్టరుగారు వెళ్ళొచ్చన్న సంగతి నేనూ రోజూ దేవుడికి విన్నవించుకునేదాన్ని.

ఎనిమిదో నెలలో తెనాలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందని, ఎవరూ చేయగలిగిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకు మాత్రం చెవుల్లో బస్సు మోతే వినిపించింది. మా వదిన తన పాత పట్టుచీర చించి బిడ్డను చుట్టి, రేపల్లె సమాధుల తోట దాకా తనే ఎత్తుకుని వెళ్ళిందట, నేను చూడలేదు. ఇంటికి వచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, దేవుడు ఏం చేసినా మన మేలుకేనమ్మా అన్నారు. నేను ఊరుకునే రకం కాదు కదా, ఆ మేలేదో మీ ఇంటికే పట్టుకుపొండి, మాకొద్దు అన్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ చాప పరిచారు. నేను కాచుకుని కూర్చున్నాను. చెప్పానా, విన్నావా అన్న ఆ ఒక్క మాట ఆవిడ నోట్లోంచి వస్తే, లేచి పుట్టింటికి తెనాలి బస్సెక్కాలనీ, ఇక ఆ గడప తొక్కకూడదనీ, మా ఆయన వస్తే వచ్చారు లేకపోతే లేదనీ తేల్చుకునే కూర్చున్నాను. ఆవిడ వంతు వచ్చింది. పరిశుద్ధుడవైన అన్న మాట కూడా లేకుండానే మొదలుపెట్టింది.

"తండ్రీ, బస్సు వల్ల కాదు. డాక్టరమ్మ చెప్పింది, నేను విన్నా. ఈ పిల్లే వినట్లా. దీని బుర్రలోంచి ఆ మాట నువ్వే తీసెయ్యాల, పెట్టింది నేను గదా. ఇన్నాళ్ళూ దీని మీద నీకు చెప్పిన చాడీలన్నీ కొట్టెయ్యి. ఇందులో మేలేంటో నాకు కనపడట్లా. నీకు కనపడుద్దని నమ్ముతున్నా. అంతే."

మా ఆయన ఆమేన్ అనలేకపోయారు. నేనన్నాను.

నాకు ఒళ్ళు కుదుటపడ్డాక, ఇక ఇంట్లోనే ఉంటానన్న నన్ను ఆవిడే కాలేజీకి తరిమింది. క్యారేజీ పట్టుకుని బస్టాండు దాకా వచ్చి, అమ్మాయికి ముందు సీటు చూడు నాయనా అని కండక్టరుకు అప్పగించి మరీ వెళ్ళింది. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. అక్కడితో మా తగవులు ఆగిపోయాయనుకునేరు, ఉప్పు దగ్గర మళ్ళీ మొదలయ్యాయి. కానీ నాకొకటి తెలిసివచ్చింది. కన్నతల్లితో సహా నా వాళ్ళెవరూ నా గురించి దేవుడితో అంతగా మాట్లాడి ఉండరు. చాడీలు చెప్పడానికే కానివ్వండి, రోజూ నన్ను ఆయన ముందుకు తీసుకెళ్ళిన మనిషి ఆవిడొక్కతే. మా పోట్లాటలోంచి దేవుడు తీసిన మేలు అదేనని ఇవాళ్టికీ నమ్ముతాను. ఆ దశాబ్దం పూర్తి కాకముందే, ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగి ఆవిడ వెళ్ళిపోయింది. బిడ్డ పక్కనే పడుకోబెట్టాం.

ఈ రోజుల్లో మనుషులకు మాటా మాటా వస్తే రాకపోకలు మానేస్తున్నారు, చర్చి మారిపోతున్నారు. కోపం ఉన్నవాళ్ళు ఒకే చాప మీద పక్కపక్కన మోకరించడం అన్నది ఇక లేదు. మా ఇల్లూ నెమ్మదిగానే ఉంది, ఆ నెమ్మది నాకు సహించదు. బిడ్డ విషయంలో దేవుడితో నా తగవు ఇంకా తీరలేదు. ఆ మేలేమిటో ఎప్పటికైనా చూపిస్తాడనే నమ్ముతున్నాను, నమ్ముతూనే అడుగుతున్నాను. అప్పటిదాకా, నా తప్పులు ఆయనకు చెప్పిపెట్టే మనిషి లేక, వాటిని కూడా నేనే చెప్పుకోవలసి వస్తోంది.