మొదటి ఏడాదిలో అక్క

ఆ వీధిలో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకీ అక్కే, తాత చెయ్యి పట్టుకుని బట్టలివ్వడానికి వచ్చే పసివాళ్ళకీ అక్కే. ఆ పిలుపు మొదట తమ్ముడిది. బడి నుంచి రాగానే లాండ్రీ గుమ్మంలో నిలబడి "అక్కా, ఆకలి" అనేవాడు. ఆవిరి మధ్య నుంచి ఆమె పలికేది. వినీ వినీ వీధి మొత్తం ఆ వరసే పట్టుకుంది.

ఆమె లాండ్రీకి ముచ్చటపడి రాలేదు. యూనివర్సిటీలో ఫిజిక్సు రెండో ఏడాది చదువుతుండగా తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. తండ్రి అంతకుముందే పోయాడు. తమ్ముడింకా నిక్కర్ల వయసువాడు. వాళ్ళుండేది లాండ్రీ పై అంతస్తులో. తల్లి చేతికర్రతో నేల మీద కొడితే కింద ఇస్త్రీబల్ల దగ్గరికి వినిపిస్తుంది. వినగానే మెట్లెక్కి వెళ్ళొచ్చు. ఆ రోజుల్లో ఆమెకు అంతకన్నా మంచి ఉద్యోగం లేదు. చదువు అటకెక్కింది. అందరూ బాబాయి అని పిలిచే లాండ్రీ యజమాని మొదటి రోజే, "ఎప్పుడు పైకి పోవాలంటే అప్పుడు పో, నన్నడక్కు" అన్నాడు. అని, ఆ మాటకి ఇంకో అర్థముందని తట్టి నాలిక్కరుచుకున్నాడు. తల్లి పడిపోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

తమ్ముడు ఆ ఇస్త్రీబల్ల కిందే పెరిగాడు. వెచ్చగా ఉంటుందని అక్కడే చాప పరుచుకుని లెక్కలు చేసేవాడు. కాలర్ల మీద నీళ్ళు చిలకరిస్తూ ఆమె పైనుంచి తప్పులు చెప్పేది. వాడు చదివి, పోటీలన్నీ దాటుకుని, చివరికి అక్క వదిలేసిన డిపార్టుమెంటులోనే లెక్చరరయ్యాడు. ఆ ఏడాదే తల్లి పోయింది.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళపాటు అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్నట్టుండి ఆగిపోయేది. తల పైకెత్తి చెవి ఒగ్గేది. అలాంటి ఒక మధ్యాహ్నం, ఎవరిదో తెల్లచొక్కా మడతపెడుతుండగా, ఇక తనను పైనుంచి ఎవరూ పిలవరని, ఎక్కడికైనా వెళ్ళొచ్చని ఆమెకు తోచింది. వెళ్ళాలనిపించిన చోటు ఒక్కటే.

భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే తమ్ముడు కలుపుతున్న ముద్ద వదిలేశాడు. ఒక్కో అభ్యంతరమూ చెప్పుకుంటూ వచ్చాడు. సిలబసు మారిపోయిందన్నాడు. పిల్లలు నవ్వుతారన్నాడు. ఇన్నాళ్ళూ పడ్డ పాట్లు చాలు, ఇంక సుఖంగా ఉండమన్నాడు. ఆమె వాదించలేదు. మర్నాడు యూనివర్సిటీకి వెళ్ళి రీఅడ్మిషన్‌కి దరఖాస్తు పెట్టి వచ్చింది.

కొన్నాళ్ళకు కమిటీ పిలిచింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమనున్న హెడ్ గారు, మాటిమాటికీ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకునే పెద్దావిడ, ఒక లెక్క ఇచ్చి బోర్డు మీద చేయమంది. రెండో ఏడాది లెక్కే. అక్క సుద్దముక్క పట్టుకుని మొదటి వరస రాసింది. రెండో వరస రాలేదు. ఎంతసేపు నిలబడ్డా రాలేదు.

"మర్చిపోయానండి," అంది చివరికి, ఇటు తిరిగి. "శుభ్రంగా మర్చిపోయాను. కానీ ఒకసారి వచ్చిందే కదా, మళ్ళీ వస్తుంది."

రెండో ఏడాదిలోకి తీసుకోవడం కుదరదని హెడ్ గారు మెత్తగానే చెప్పింది. ఇంకేదైనా తేలిక కోర్సుకి బదిలీ ఇస్తామంది. ఫిజిక్సే కావాలంటే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలంది. అక్క మొదటి ఏడాదే ఇప్పించమంది. లేచి వెళ్తుంటే, ఇక్కడ తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా, పాఠాల్లో సాయం చేస్తారు అని అడిగింది హెడ్ గారు.

"ఎవరూ లేరండి," అంది అక్క.

ఆ మాట మర్నాడు స్టాఫ్‌రూములో తమ్ముడి చెవిన పడింది. లాండ్రీలో పనిచేసే ఒకామె నీ క్లాసులో చేరబోతోంది, పాపం ఎవరూ లేరట, కాస్త కనిపెట్టుకుని ఉండమని హెడ్ గారు అతనికే చెప్పింది. తమ్ముడు టీ కప్పు కింద పెట్టేశాడు. "ఆవిడ మా అక్కండి," అన్నాడు.

సాయంత్రం ఇంట్లోకి వెళ్ళకుండా నేరుగా లాండ్రీలోకి వచ్చాడు. అక్క దుప్పటి మడతపెడుతోంది. అతను రెండో కొస పట్టుకున్నాడు.

"నేను లేనని ఎందుకు చెప్పావక్కా?"

"నీకు చిన్నతనమేమో అనుకున్నాన్రా."

"చిన్నతనమై వద్దనలేదు. నా కోసమే కదా నువ్వు మానేసింది. నువ్వు ఆ బెంచీలో కూర్చుంటే, బోర్డు దగ్గర నిలబడి రోజూ అది చూడాలి. నా వల్ల కాదనిపించింది."

దుప్పటి సగానికి మడిచి అక్క ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "నీ కోసమే మానేశాను. కాదంటే అబద్ధం. కానీ నువ్వా బల్ల కింద లెక్కలు చదవకపోతే ఈ ఆవిరిలో ఉడికిపోయేదాన్ని. నీ పాఠాలు వింటుంటేనే నాకు ఊపిరాడేది. ఇప్పుడు కూడా అంతే. నువ్వు చెప్పు, నేను వింటా."

తమ్ముడు దుప్పటిలో మొహం దాచుకున్నాడు. అది పక్కవీధి డాక్టరు గారిదని గుర్తుచేసి, ఆమె దాన్ని మళ్ళీ ఇస్త్రీ చేసింది.

బాబాయి ఆమె పనిని సాయంత్రాలకు మార్చాడు. క్లాసులో తమ్ముడికి కొత్త చిక్కు వచ్చిపడింది. అందరి ముందూ అక్కని నువ్వు అనలేడు, మీరు అనడానికి నాలుక తిరగదు. చివరికి ఏదీ అనకుండా మాట్లాడే విద్య పట్టాడు. "బోర్డు కనిపిస్తోందా?" "రీడింగు తీసుకోవడం అయిందా?" అక్క తలొంచుకుని నవ్వాపుకునేది. ఇంట్లో వాడు గబగబా చెప్పుకుపోతే మాత్రం, "ఆగరా, రైలేమైనా తప్పిపోతోందా?" అని కసిరేది.

లెక్కలు కొరకరాని కొయ్యే అయ్యాయి. ఆ పేపరు తప్పింది. ఫలితాలొచ్చిన సాయంత్రం చొక్కా మీద చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఓదార్చబోయిన తమ్ముడు ఆమె మొహం చూసి ఆగి, పుస్తకం తెచ్చి బల్ల చివర తెరిచాడు. రెండోసారి రాసి బొటాబొటీ మార్కులతో గట్టెక్కింది.

ఇప్పుడామె రెండో ఏడాది చదువుతోంది. ఒకప్పుడు ఆగిపోయిన చోటు ఈ మధ్యే దాటింది. మొన్న చీకటిగదిలో ప్రయోగం. సోడియం దీపాన్ని సరిచేసి, వెలుగుని విడదీసి చూపే స్పెక్ట్రోమీటరు గొట్టాన్ని మెల్లగా తిప్పుతుంటే, ఒకదాన్నొకటి ఆనుకుని సన్నటి పసుపు గీతలు రెండు కనిపించాయి. రీడింగు రాసుకోవడం మరిచి చూస్తూ ఉండిపోయింది. వెనక వంతు కోసం నిలబడ్డ అమ్మాయి, అయిందా అని అడిగింది.

"ఇంకొక్క నిమిషం ఉండమ్మా," అంది అక్క, కన్ను తీయకుండా.