జవాబిచ్చే స్తంభం

కీలుంగ్‌ రేవుపట్నపు వానలో గొడుగు మరిచినా సుత్తి మరవని మనిషి మా మేనత్త కో సుచెన్. పాత మేడల కాంక్రీటులో ఇంకా ఎంత బలం మిగిలి ఉందో, పగలగొట్టకుండా కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం. ఖాళీ గదైనా సరే, తలుపు తట్టి, "కాస్త ఇబ్బంది పెడతాం, ఏమీ అనుకోకండి" అనకుండా లోపల అడుగుపెట్టేది కాదు. మా ఊళ్లో అందరమూ అంతే. కంటికి కనిపించకుండా లోపలున్నవాళ్లకు పక్కకు తప్పుకునే వ్యవధి ఇవ్వాలి కదా.

ఒక ఏడు, పోయినవాళ్లు ఇళ్లకు తిరిగొస్తారనే దయ్యాల నెలలో, రేవు వెనక మేడను ఉంచాలో కూల్చాలో తేల్చే పని ఆమెకు పడింది. అందరూ ఖాళీ చేశారు. కింది వాటాలో లియావ్ అవ్వ ఒక్కతే కదలనంది.

"ఈ స్తంభం నీకంటే గట్టిది అమ్మాయ్. కొట్టి చూసుకో."

స్ప్రింగు సుత్తిని ఆనించి నొక్కితే, అది వెనక్కి ఎగిరి చూపిన అంకె నిజంగానే పెద్దది.

"చూశావా? ఇక సంతకం పెట్టేసి టీ తాగు."

"అది పైచర్మం అవ్వా. వయసు మీదపడితే కాంక్రీటు పైపైన గట్టిపడుతుంది. లోపలి సంగతి సుత్తికి తెలియదు."

"నన్నేనా అంటున్నావు?"

అత్త నవ్వి, స్తంభానికి రెండువైపులా గ్రీజు రాసి, పరికరంతో ఇటునుంచి అటు శబ్దం పంపింది. అది అవతలికి చేరడం బాగా ఆలస్యమైంది, దారిలో దేన్నో చుట్టి వచ్చినట్టు.

"పోయినప్పటినుంచీ మా ఆయన ఇందులోనే ఉన్నాడు," అంది అవ్వ మామూలుగా. "ఆయన్ని వదిలి ఎక్కడికి పోను?"

వేలి కణుపుతో స్తంభాన్ని తట్టింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపలినుంచి మెల్లగా, టక్... టక్.

అత్త స్తంభానికి చెవి ఆనించి, మళ్లీ తట్టమంది. ఈసారి టక్కుమన్నాక, కిందికి జారుతున్న సన్నని గరగర వినిపించింది. సముద్రపు ఇసుకతో పోసిన స్తంభం అది. ఉప్పుకు ఇనుము తుప్పుపట్టి లోపల గుల్లైపోయింది.

"రోజూ తడతారా అవ్వా?"

"పొద్దున్నే లేవగానే. ఏనాడూ పలకకుండా లేడు."

"పలికినప్పుడల్లా ఆయన కొంచెం రాలిపోతున్నారు."

అవ్వ చేయి దించేసింది. "ముసలాణ్ణి ఇన్నేళ్లూ నేనే అరగదీశానన్నమాట," అంది.

ఆ వారమే అవ్వ తన కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ స్తంభాన్ని తట్టలేదు. అరచేయి ఆనించి తీసేసింది, అంతే.

కూల్చాలని తేల్చిన మేడకు తాళం వేసే ముందు చివరిసారి చూడడానికి వెళ్లిన అత్త, అలవాటుగా వీధి తలుపు తట్టింది.

లోపల ఎక్కడో, టక్... టక్.

తలుపుకు చెవి ఆనించి వాన వెలిసేదాకా విన్నది. ఏదీ రాలుతున్న గరగర మాత్రం వినిపించలేదు. బయటినుంచే తాళం వేసి వచ్చేసింది.