సప్పనీళ్ల మిషను

మొన్న కొత్తగూడెంలో మా మనవరాలు క్యానులోంచి గ్లాసుడు నీళ్లు వంపుకొని, వీటికి రుచే లేదేంటి తాతయ్యా అని మూతి ముడిస్తే నాకు నవ్వాగలేదు. సరిగ్గా ఈ మాటకే ఒకప్పుడు మా ఊరు ఊరంతా నా మీద విరుచుకుపడింది మరి.

జూలూరుపాడు అవతల, అడవి అంచున మా పల్లె. బోరు నీళ్లు ఒట్టి ఉప్పు. వాటితో కందిపప్పు పొద్దంతా ఉడికించినా పలుకు విరిగేది కాదు. అందుకని తాగడానికీ వంటకూ ఆడవాళ్లు అడవిలో వాగు దాకా నడిచేవారు. మా అక్క అప్పుడు కడుపుతో ఉండి కూడా నడిచేది, చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఎనభైల చివర్లో సర్కారు ఉప్పు తీసే మిషను తెచ్చి రేకుల షెడ్డులో బిగించి, ఐ.టి.ఐ. చదివానని నన్ను ఆపరేటరుగా పెట్టింది. అక్క కష్టం తీరిందని ఎగిరి గంతేశాను.

మిషనుకు బయట రెండు పైపులు. సన్నగా కారేది మంచినీళ్లు, ధారగా దూకేది ఉప్పంతా మోసుకుపోయే పారబోత నీళ్లు. మావాళ్లేం చేశారనుకున్నారు? సన్నధార రుచి చూసి తుపుక్కున ఉమ్మేసి, మిషనులోంచి వచ్చినవే కదా, ఉప్పుంటే ఏంలే అని పెద్దధార కింద బిందెలు పెట్టారు! "గీ నీళ్లల్ల సత్తువంత పిండేసిన్రు, సప్పగున్నయ్. అసలు నీళ్లు గటు పోతున్నయ్" అని మా పెద్దమ్మ తీర్పు చెప్పేసింది. మొత్తుకొని మొత్తుకొని నా గొంతు పోయింది. అవి తాగి కడుపులు చెడితే తిట్లు మిషనుకు! ఇట్లాగైతే దీన్ని వేరే ఊరికి పట్టుకుపోతామని ఇంజనీరు తేల్చేశాడు, అక్క మళ్లీ వాగుదారి పట్టింది.

ఒకనాడు వాగుగట్టున అక్క జారిపడింది. వాగు అవతల ఏదో గూడెం నుంచి నీళ్లకొచ్చే కోయ ఆమె, మా అక్క 'వదినా' అని పిలుచుకునే మనిషి, అక్కను భుజాన ఆనించుకొని ఇంటిదాకా తెచ్చి దించింది. కడుపులో బిడ్డకేం కాలేదు, కానీ ఇంట్లో వాగు నీళ్లు చుక్క లేవు. పెద్దమ్మ సణుగుతూనే నేను తెచ్చిన సన్నధార నీళ్లు పప్పులో పోసింది. అది ఎంత జల్దీ ఉడికిందంటే, పెద్దమ్మ గరిటెతో సహా వీధిలోకి ఉరికి, "ఎన్నపూస లెక్క ఉడికింది, సూడుండ్రే!" అని అరిచింది. తెల్లారి సన్నపైపు దగ్గర బిందెల కొట్లాటే. మిషను ఊళ్లోనే నిలిచింది.

ఆ మిషను మూలపడి ఏళ్లయింది, ఇప్పుడు ఇంటింటికీ క్యాన్లే. అక్క ఇంకెప్పుడూ వాగుకు పోలేదు, నేను కోరుకున్నదీ అదే. కానీ అక్కా, ఆ కోయ వదినా కలుసుకునేది ఆ వాగు దగ్గరొక్కచోటే. మొన్న అక్క దగ్గరికి పోతే, పక్కన కూర్చోబెట్టుకొని, "తమ్మీ, నన్ను మోసుకొచ్చిన వదిన గూడెం ఏదో నీకెరికేనా?" అని అడిగింది. నాకూ తెలియదు.