వీసా కిటికీ దగ్గర మావారి పేరు

పోయిన ఆదివారం మా చిన్నమ్మాయి ఏలూరు నుంచి ఫోన్ చేసి, తనూ వాళ్లాయనా వచ్చే శుక్రవారం థాయిలాండ్ వెళ్తున్నామని చెప్పింది. అయ్యో, మధ్యలో నాలుగు రోజులే ఉన్నాయి, వీసా ఎప్పుడొస్తుందే అని నేను కంగారు పడుతుంటే అది పకపకా నవ్వి, "ఇప్పుడు మనవాళ్లకి వీసా అక్కర్లేదమ్మా, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిపోవడమే," అంది. అంటూనే అటు తిరిగి మా అల్లుడుగారిని పేరు పెట్టి పిలిచి, ఆ పేరు చివర ఒక 'రా' కూడా తగిలించి, పొయ్యి మీద పాలు చూడమని చెప్పింది. ఆయన కూడా బుద్ధిగా చూస్తున్నా చూస్తున్నా అన్నారు. వీసా అక్కర్లేదు, మొగుణ్ణి పేరు పెట్టి పిలవచ్చు. ఈ రెండు సంగతులూ ఒకే ఫోన్లో వినేసరికి నాకు నవ్వు ఆగలేదు, ఎందుకంటే ముప్ఫై ఏళ్ల కిందట ఈ రెండూ ఒకదానికొకటి చిక్కుపడి నా కాపురం మీదికి తెచ్చాయి.

నేను కైకలూరు పిల్లను. కొల్లేటి అంచున, చేపల చెరువుల గట్ల మీద తిరుగుతూ పెరిగాను. మావారిది పెంటపాడు. తాతల నాటి నుంచి వరి చేలు చేసుకునే ఇల్లు, అయితే ఆయన తాడేపల్లిగూడెంలో సైన్సు చదువుకున్నారు. అప్పుడే మా వైపు రొయ్యల చెరువుల మోజు మొదలైంది, రొయ్యపిల్లల్ని పుట్టించే విద్య మాత్రం ఇక్కడ ఎవరికీ సరిగ్గా రాదు. అది నేర్చుకుని రావాలని పట్టుబట్టి, పెళ్లయిన నలభయ్యో రోజున ఆయన థాయిలాండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీలో పనికి వెళ్లిపోయారు. వెళ్లడం వెళ్లడమే, మళ్లీ రెండేళ్ల దాకా రాలేదు. ఆ రెండేళ్లూ నేను మా అత్తగారింట్లో ఉండి వారానికో ఉత్తరం రాస్తూ గడిపాను. చిరునామాలో ఆయన పేరు రాసేదాన్ని గానీ నోటితో ఒక్కసారి కూడా అనలేదు.

నా ఈడువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. భర్త పేరు నోటితో పలికితే ఆయనకు ఆయుక్షీణమని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. రాస్తే తప్పు లేదు, పలికితేనే తప్పు. ఈ నియమం ఎవరు పెట్టారో, కాగితానికి లేని దోషం నాలుకకు ఎందుకు వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. మా మామగారి పేరులో రాముడున్నాడు కాబట్టి మా అత్తగారు రాముడి గుడికి వెళ్లినా సీతమ్మవారి ఆయన అనేవారు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి యజమాని పేరు అడిగితే పక్కింటి పిన్నిగారిని కేకేసి ఆవిడ చేత చెప్పించేవారు. అంతటి ఆవిడ శిక్షణలో రెండేళ్లు ఉన్నాను నేను. నన్ను ఆయన దగ్గరికి పంపించేటప్పుడు కూడా ఊరగాయ జాడీకి గుడ్డ కడుతూ, "అక్కడ అందరూ అంటున్నారని నువ్వూ పేరెత్తేవు, జాగ్రత్తమ్మాయ్," అని మరీ మరీ చెప్పారు.

నేను వెళ్లింది టూరిస్టు వీసా మీద. మావారికి పని చేసుకునే అనుమతి ఉంది, భార్యగా నాకు కూడా కాగితాలు పెట్టించాల్సింది హేచరీ యజమాని. పాపం మంచివాడే, ఎప్పుడడిగినా వచ్చే నెల అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ వచ్చే నెల రాక, నా వీసా గడువు ముగిసే ప్రతిసారీ మేం దేశం దాటి బయటికి వెళ్లాలి. పన్నెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి మెకాంగ్ నది ఒడ్డుకు చేరితే, ఆ నది అవతలి ఒడ్డు లావోస్. లాంచీలో నది దాటి, అక్కడి పట్నంలో ఉన్న థాయ్ కాన్సులేట్‌లో కొత్త వీసాకు దరఖాస్తు ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నం పాస్‌పోర్టు తీసుకుని, మళ్లీ లాంచీ ఎక్కి, ఏదో చుట్టపుచూపుగా ఇప్పుడే వస్తున్నట్టు థాయిలాండ్‌లోకి రావాలి. కొల్లేట్లో దోనెల మీద తిరిగినదాన్ని కాబట్టి నాకు నదంటే భయం లేదు గానీ, ఉన్న ఇంటికి తిరిగి రావడానికి పక్క దేశానికి వెళ్లి అనుమతి అడగడమేమిటో మొదట్లో ఎంత చెప్పినా నా బుర్రకెక్కలేదు.

కాన్సులేట్ తెరవక ముందే గేటు దగ్గర వరస మొదలయ్యేది. అందరూ వీపున పెద్ద పెద్ద సంచులతో తెల్లవాళ్లు, మాసిన లాగులు, రబ్బరు చెప్పులు. వాళ్లు కూడా మాలాగే గడువు తీరి వచ్చినవాళ్లే. ఎండ ముదిరేసరికి ఎవరి సంచి వాళ్లు వరసలో పెట్టి చెట్టు నీడకు పోయేవారు, సంచులే మనుషుల బదులు నిలబడేవి. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. తాడేపల్లిగూడెంలో కిరోసిన్ కోసం డబ్బా పెట్టి వరస కాచినదాన్ని, ఈ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటి రెండుసార్లూ మావారు వెంట ఉన్నారు, కిటికీ దగ్గర మాటలన్నీ ఆయనే మాట్లాడారు. నేను పక్కన నిలబడి, ఫోటోలో బొట్టు మరీ పెద్దదిగా ఉందంటారేమో అని మాత్రం దిగులు పడ్డాను.

మూడోసారి నేను ఒక్కదాన్నే వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా ఆ వారమే తొట్లలో గుడ్లు పగిలి రొయ్యపిల్లలు బయటికొచ్చాయి. గంట గంటకీ నీళ్లు చూడాలి, మేత చూడాలి, ఆయన అక్కడ లేకపోతే మొత్తం పిల్ల పోతుంది. దరఖాస్తు అంతా ఆయనే నింపి, హేచరీ వాళ్ల ఉత్తరం జతచేసి, ఏ కాగితం మీద ఏది పెట్టాలో అంకెలు వేసి ఇచ్చి, "ఏం భయం లేదు, ఎవరూ ఏమీ అడగరు," అన్నారు. నేనూ చీర కట్టుకుని, పులిహోర పొట్లం కట్టుకుని, ధీమాగా బయల్దేరాను.

అడిగారు. కిటికీ వెనక మా అత్తగారి వయసు ఆవిడ ఒకరు కూర్చున్నారు, కళ్లజోడుకు గొలుసు ఉంది. నా పాస్‌పోర్టులో వరసగా పడిన ముద్రలు తిప్పి తిప్పి చూసి, ఇన్నిసార్లు ఏ టూరిస్టు వస్తుందమ్మా అన్నట్టు నా మొహం చూశారు. మా ఆయన అక్కడ పని చేస్తున్నారని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ దరఖాస్తు మీద అరచెయ్యి బోర్లించి, మీ భర్త పేరు చెప్పండి అన్నారు.

ఆ చెయ్యి కింద ఉంది చూసుకోండి అన్నట్టు వేలు చూపించాను. చూసుకోవడం కాదు, మీరు చెప్పండి అన్నారు. పెన్ను ఇస్తే రాస్తానన్నాను. ఎవరి కాగితాలో పట్టుకొచ్చానని ఆవిడకు అనుమానం కాబోలు, రాయడం వద్దు, భర్త పేరు చెప్పడానికి రాతెందుకు అన్నారు. అదీ నిజమే మరి, ఏ దేశంలోనైనా ఎవరైనా అలాగే అనుకుంటారు. నా వెనక వరసలో ఉన్నవాళ్లు తొంగి చూడడం మొదలుపెట్టారు. ఆవిడ ఉత్తరం మీద ఉన్న నంబరు చూసుకుంటూ హేచరీకి ఫోన్ చేశారు. దరఖాస్తులో ఉన్న పేరు చదివి, ఈయన మీ దగ్గర పని చేస్తున్నారా అని వాళ్ల భాషలో అడిగారు. అవతల ఎవరో పనివాడు ఎత్తాడు. ఆ పేరు గలవాళ్లు ఇక్కడెవరూ లేరని చెప్పాడట.

లేరనక ఏమంటాడు? అక్కడ ఆ పేరు ఎవరికి తెలుసని? నేను వెళ్లక ముందు మావారిని వాళ్లు 'ఇండియా' అని పిలిచేవారట. నేను వెళ్లాక రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని తొట్ల షెడ్డు గుమ్మంలో నిలబడి "ఏవండీ, ఏవండీ" అని కేకలు పెట్టేదాన్ని. అవి విని విని అదే ఆయన పేరనుకున్నారు వాళ్లు. పిలుపుకు ముందు వాళ్ల భాషలో మర్యాద కూడా చేర్చి 'కున్ ఏవండీ' అనేవారు. అంటే దాదాపు ఏవండీగారు. ఆయన కూడా నవ్వుకుని పలికేవారు తప్ప సరిదిద్దలేదు.

ఫోన్ పట్టుకునే ఆవిడ మొహం మారిపోయింది. ఇక నన్ను ఈ ఒడ్డునే ఆపేస్తారని, ఇటు నుంచి ఇటే ఇండియాకు పొమ్మంటారని నాకు అర్థమైంది. రెండేళ్లు ఉత్తరాల మీద బతికి, ఇప్పుడిప్పుడే మొదలైన కాపురం. నోరు తెరిస్తే ఆయన ఆయుష్షు, తెరవకపోతే నా సంసారం. మళ్లీ అడిగారు, మీరు మీ భర్తని ఏమని పిలుస్తారు అని. దానికైతే నాకు అడ్డేమీ లేదు, ఉన్నమాట చెప్పాను. "ఏవండీ" అన్నాను. ఆవిడ అదే మాట ఫోన్లో అన్నారు. అవతలివాడు కున్ ఏవండీయా, ఉన్నాడుండండి అని ఇక్కడికి వినబడేలా అరిచి పరిగెత్తాడు.

మావారు ఫోన్లోకి వచ్చారు. ఆవిడ ఏదో మాట్లాడి రిసీవరు కిటికీలోంచి నా చేతికిచ్చారు. "ఏంటి, ఏడుస్తున్నావా?" అన్నారాయన. జరిగింది చెప్పాను. ఆయన ఒకటే నవ్వు. "చెప్పెయ్యి, నాకేమీ అవ్వదు," అన్నారు. అత్తయ్యగారికి తెలిస్తే ఎలాగండీ అన్నాను. "ఈ నది దాటి మా అమ్మకి వినపడుద్దా ఏంటి?" అన్నారు.

రిసీవరు గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఇంటిపేరుతో సహా చెప్పేశాను. బళ్లో హాజరు పిలిచినట్టు గట్టిగా చెప్పాను. మరీ ఉట్టి పేరు అనడానికి మనసొప్పక చివర గారు అని చేర్చాను. ఆవిడ దరఖాస్తు మీద వేలు పెట్టి ఒక్కో మాటా సరిచూసుకుంటూ వచ్చి చివర ఆగిపోయారు. 'గారు' ఇక్కడ లేదే అన్నారు. అది పేరు కాదండీ, మర్యాద అని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి నవ్వి, పక్క కిటికీలో ఉన్నావిడకు ఈ కథంతా చెప్పి, ఆవిడ కూడా నవ్వాక, రేపు రెండు గంటలకు రమ్మని రసీదు ఇచ్చారు. ఆ సాయంత్రం నది ఒడ్డున ఉన్న బుద్ధుడి గుడికి వెళ్లి లెంపలేసుకున్నాను. మన దేవుడు కాకపోయినా దగ్గరలో ఆయనే ఉన్నాడు.

మర్నాడు వీసా చేతికొచ్చింది. బస్సు దిగేసరికి మావారు స్టాండులో నిలబడి ఉన్నారు. ప్రయాణం ఎలా జరిగిందని లేదు, తిన్నావా అని లేదు. "ముందు నీ గుండె చప్పుడు వినపడింది, తరవాత నా పేరు వినపడింది. ఇంకోసారి అనవూ?" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, చేతిలో సంచి ఆయన చేతికిచ్చి ముందు నడిచాను.

తరవాత ఆయన విద్య నేర్చుకుని రావడం, కైకలూరు దగ్గర చెరువులు చేసుకోవడం, ఇద్దరు ఆడపిల్లలు పుట్టడం అన్నీ జరిగాయి. ఆయనకు ఎప్పుడు జలుబు చేసినా ఆ కిటికీ దగ్గర నేను చేసిన నిర్వాకమే అనుకునేదాన్ని. ఒక ఏడు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఇక దాచలేక మా అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. గుమ్మం వైపు చూసి ఎవరూ లేరని రూఢి చేసుకుని, "నేనూ ఒకసారి అన్నాన్లేమ్మా. చేలో మీ మామగారి కాలి దగ్గర పాము కనపడింది. ఏవండీ అంటే చేలో ఉన్న మగాళ్లందరూ తిరిగి చూస్తారు గానీ ఆయన చూడరు కదా," అన్నారు. మా మామగారు ఎనభై నాలుగేళ్లు బతికారు.

అలా భయం ఆ రోజుతోనే పోయింది, సిగ్గు మాత్రం మిగిలింది. మావారు ప్రతి పెళ్లిరోజుకీ అడిగేవారు, ఒక్కసారి అనవోయ్ అని. నేను ఏదో వంకతో తప్పించుకునేదాన్ని. ఆయన అడగడం, నేను తప్పించుకోవడం, అదొక ముచ్చటగా ఏళ్లకేళ్లు సాగింది.

ఇప్పుడు సరిహద్దుల దగ్గర అన్ని ప్రశ్నలు లేవు, వరసలో సంచులు లేవు, భర్తల పేర్లు భార్యల నోళ్లలో రోజుకు వందసార్లు నలుగుతున్నాయి, ఎవరి ఆయుష్షూ తగ్గడం లేదు. మంచిదే. మేం పడ్డ తిప్పలు ఇంకెవరూ పడాలని నేను కోరుకోను. ఒక్కటే లోటు. కిందటేడు పెళ్లిరోజుకు మావారు అడగలేదు. మరిచిపోయారేమో అనుకున్నాను. ఈ ఏడూ అడగలేదు, పేపరు చదువుకుంటూ కాఫీ తాగి చెరువుల మీదికి వెళ్లిపోయారు. ఈసారి అడిగితే చెప్పేద్దామనుకుని, పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, ఆ పేరు పెదాల మీద పెట్టుకుని నేను వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.