చేతులు లేని ఫొటో

ఈమధ్య జీడిపప్పు ప్యాకెట్ల మీద నాకు నమ్మకం పోయింది. ముందువైపు అద్దంలాంటి కవరులోంచి నిండు పప్పులు కనిపిస్తాయి, వెనక రంగు కాగితం చాటున అన్నీ ముక్కలే. మొన్న ఒకటి చింపినప్పుడు, పెళ్లిచూపుల కోసం పలాసలో మా పిన్నికి తీయించిన ఫొటో గుర్తొచ్చింది.

పిన్ని జీడిగింజలు కొట్టేది. ఎంత బూడిద రుద్దినా వేళ్లకంటిన జీడి నలుపు వదిలేది కాదు. అబ్బాయిని టెక్కలి బస్సులో రెండుసార్లు చూసిందట, ఆ సంబంధం తప్పిపోకూడదని ఆమె ఆరాటం. స్టూడియోలో ఫొటోగ్రాఫరు ఆమె మొహం మీదికి రెండు లైట్లు తిప్పి, "సేతులు కొంగు కింద ఎట్టీయమ్మా" అన్నాడు.

"దాత్తే అనుమానం రాదేటి, బాబూ?" అంది పిన్ని.

"పెళ్లికొడుకు సూసేది ముకాన్నే."

ఫొటో వచ్చింది. అందులో మొహం తెల్లగా మెరిసిపోతోంది, చేతులు లేవు. లోపలి చీకటిగదిలో అతనే కత్తిరించేశాడని ఆరేళ్ల వయసులో నా గట్టి అనుమానం. ఇంటికొచ్చి పిన్ని వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టాను.

అనుమానం నాకొక్కరికే రాలేదు. ఫొటో అందగానే అబ్బాయి తల్లి మందస నుంచి వచ్చి, చాప మీద కూర్చుంటూనే "ముందు సేతులు సూపించు" అంది. దాచిన చోటికే చూపు పోతుందని ఇప్పుడైతే నాకూ తెలుసు. పిన్ని చేతులు చాపింది. ఆవిడ తన నల్లటి వేళ్లు వాటి పక్కన పెట్టి నవ్వింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత ఆవిడ సంచిలోంచి ఫొటో తీసి, పిన్ని చెంప పక్కన పట్టి చాలాసేపు చూసింది.

"సేతులు మనోళ్లవే. మరి ఈ ముకం ఎవులిదే, పిల్లా?"