కంటె లోపలి దుప్పటి గుడ్డ

నాకబీనీ ఆ దుప్పటిని ఏ రోజున కోసింది?

ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఇదొక్కటే నన్ను పట్టుకుంది. పుస్తకం తెరిస్తే నాలుగు వాక్యాలు సాగవు, ఇదే అడ్డం వస్తోంది. ఆమె చేసిన పూసల కంటె ఒకటి, మెడకు వేసుకునే లావుపాటి కంటె, నా పుస్తకాల అలమారలో పై అరలో ముప్పై ఏళ్ళుగా ఉంది. మొన్న దుమ్ము దులుపుతుంటే దారం చివికి ఒక వరుస పూసలు జారి గచ్చు మీద దొర్లాయి. ఒక్కొక్కటే ఏరి టీ గ్లాసులో వేశాను. పూసలు పోయిన చోట లోపలి గుడ్డ బయటపడింది. ఎరుపు, నీలం, పసుపు చారల ఉన్ని. ఒక్కసారి కూడా నీళ్ళు తగలని కొత్త దుప్పటిది. ఆ దుప్పటి ఎవరిదో నాకు తెలుసు. కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను.

కబీనీ వంశపు ఆడపడుచు కాబట్టి ఊరంతా ఆమెను నాకబీనీ అనేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు రోసీనా, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. భర్త యోహానెస్ బొగ్గు గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. నేనూ అతనూ ఒకే ఏడు కొండ మీదికి వెళ్ళి, సున్తీ చేయించుకుని, మగవాళ్ళమై దిగాం. ఒకే జట్టుగా దిగినవాళ్ళు మా న్డెబెలే తెగలో అన్నదమ్ములే. అందుకని ఆమెకు నేను మరిదిని. కోపం వస్తే మాత్రం మాస్టారూ అనేది, బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి గనక.

కంటె చెయ్యడం ఆమె దగ్గరే చూడాలి. వేసవి చివర కోసిన గడ్డిని ఎండబెట్టి, పనికి ముందు తడిగుడ్డలో చుట్టి ఉంచేది. మెత్తబడ్డాక బొటనవేలంత లావున తాడులా పేని, మెడ కొలతకు వంచి, నార తాడుతో కట్టేది. గడ్డి గుచ్చుకోకుండా దాని చుట్టూ గుడ్డపీలిక సందు లేకుండా చుట్టి, ఆపైన పూసల దండలు వరుస మీద వరుస బిగించి కుట్టేది. అందరూ చేసే పనే అయినా ఆమె కంటె మెడ మీద తిరిగేది కాదు, ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. ఎందుకని నేనడిగితే, “గడ్డి ఎముక, గుడ్డ కండ, పూసలు తోలు. కొనేవాళ్ళు తోలు చూసి కొంటారు, మెడకు మాత్రం కండే తెలుస్తుంది,” అంది. ఆ కండకు కొత్త గుడ్డ వాడే మనిషి మాత్రం మా వైపు ఎవరూ లేరు. చిరిగిన చొక్కా, పాత గౌను, పిండి సంచి, ఏది దొరికితే అదే చింపుతారు. ఎవరికీ కనిపించేది కాదు గదా.

నాలుగేళ్ళకోసారి చలికాలంలో మా కుర్రాళ్ళు కొండెక్కుతారు. రెండు నెలలు అక్కడే. తొంభై మూడులో నాకబీనీ ఒక్కగానొక్క కొడుకు పెట్రస్ వంతు వచ్చింది. పదిహేడేళ్ళవాడు, పొడుగు, సన్నం, ఛాతీ ఇంకా విచ్చుకోలేదు. తండ్రి లేడు కాబట్టి చెయ్యి పట్టుకుని కొండ దాకా నడిపించిన మగవాణ్ణి నేనే. అంతకు ముందు రోజు నాకబీనీ నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళి చారల దుప్పటి కొంది. వాడు దిగి వచ్చాక భుజాల మీద కప్పాల్సింది అదే. కొట్టువాడు చవకదొకటి చూపిస్తే దాన్ని వేళ్ళతో నలిపి చూసి పక్కకు తోసేసింది.

కొడుకులు కొండ మీద ఉన్నన్నాళ్ళూ తల్లులు కుడుతూ ఉంటారు. తలకు కట్టుకునే పట్టీకి రెండు వైపులా తెల్లపూసల పట్టీలు, నేల తాకేంత పొడుగువి. మా వాళ్ళు వాటిని పొడుగు కన్నీళ్ళు అంటారు. ఒకటి పోయిన పిల్లాడి కోసం, ఇంకొకటి దిగి వచ్చే మగవాడి కోసం. పిల్లలు తిరిగొచ్చే రోజున అవి కట్టుకుని తల్లులు ఆడతారు. మధ్యలో సూది కింద పెట్టకూడదు. పెట్టిందంటే కొడుక్కి కీడు తలచినట్టే.

మధ్యాహ్నాలు ఆడవాళ్ళంతా నాకబీనీ అరుగు మీద చేరేవారు. పక్కింటి సెలీనాకు కుట్టు రాదు, ఓపికా లేదు. ఆమె పట్టీలు మూడో వారానికి కూడా భుజం దాటలేదు. నాకబీనీ ఒకసారి వాటి చివర పట్టుకుని ఎత్తి చూసి, “ఏంటే సెలీనా, సగం ఏడ్చి ముక్కు చీదేసుకున్నావా?” అంది. అందరూ నవ్వారు, సెలీనాతో సహా. నాకబీనీ నవ్వు నేను విన్నది అదే ఆఖరు.

బడి అయ్యాక పెట్రస్ కుండ మోసే పని నాది. తల్లులు వండుతారు, మగవాళ్ళు మోస్తారు. కొండ సగంలో ఒక పెద్ద బండ ఉంది, అక్కడ పై మనుషులు కుండలు తీసుకుని ఖాళీవి తిరిగిస్తారు. అన్నీ ఒకేలాంటి మట్టికుండలు. తన కుండ గుర్తుకు నాకబీనీ దాని మెడకు నార పేని నీలం పూసలు మూడు గుచ్చి కట్టింది. కుండలో రోజూ మొక్కజొన్న ముద్ద, దాని పక్కన గుమ్మడాకు కూర, వారానికి రెండుసార్లు అలసందలు. పెట్రస్‌కు అలసందలు పడవు. చిన్నప్పటి నుంచీ అంతే. అలసందల రోజున కుండ అడుగున అవన్నీ ఒక పక్కకు తోసి ఉండేవి. నాకబీనీ కుండ వంచి చూసి కొడుకును తిట్టుకుంటూ కోళ్ళకు వేసేది. ఆ తిట్టుకోవడం కోసమే వండుతుందేమో అనిపించేది నాకు.

మూడో వారం ఒక మంగళవారం, బండ దగ్గరికి లూకాస్ తాత స్వయంగా దిగి వచ్చాడు. కొండ మీది పిల్లల బాధ్యతంతా ఆయనదే.

“నిన్న పోయాడు. గుండెల్లో నిమ్ము చేరింది. నాలుగు రోజులు దగ్గాడు. అక్కడే పెట్టేశాం.”

నాలుగు రోజులుంటే డాక్టరు దగ్గరికి ఎందుకు దింపలేదని అడిగాను.

“మధ్యలో దిగినవాడు ఇటు మగాడూ కాడు, అటు పిల్లాడూ కాడు. నీకు నేను చెప్పాలా?” అని, చెయ్యి చాచాడు. “ఆ కుండ ఇటియ్యి. రేపటి నుంచి కూడా ఎప్పట్లాగే తే. ఒక తల్లికి తెలిస్తే ముప్పై మంది తల్లులు కొండెక్కుతారు.”

నేను అప్పటికే చాలా పుస్తకాలు చదివినవాణ్ణి. ఊళ్ళో పెద్దవాళ్ళ మాటలకు లోలోపల నవ్వుకునేవాణ్ణి. అయినా కుండ ఇచ్చాను. ఆ రోజు ఎవరు తిన్నారో గాని, ఖాళీ కుండ తీసుకుని దిగాను.

ఆ రోజు అలసందల రోజు. నాకు ఆ సంగతే తట్టలేదు. నాకబీనీ కుండను వెలుతురుకు తిప్పింది. లోపల వేలితో తుడిచినట్టుగా శుభ్రంగా ఉంది.

“మరిదీ, మావాడు అలసందలు తింటున్నాడేంటి?”

“కొండ మీద చలి కదా వదినా. ఆకలేస్తే ఏదైనా తింటాడు.”

“అంతేలే. ఆకలే అయ్యుంటుంది,” అంది.

కుండ అరుగు మీద బోర్లించి సూది అందుకుంది. ఆమె సూదికి పూస ఎక్కించుకోవడం చూస్తూ నేను కాసేపు నిలబడ్డాను.

మర్నాడు కూడా అలసందలే వండింది. నేను దారిలో కుండ దించి, గుప్పెడు అలసందలు తీసి చేతిరుమాలులో మూటగట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ కుండ అడుగున వాటిని పెట్రస్ తోసినట్టే ఒక పక్కకు తోసి పెట్టాను. నాకబీనీ వంచి చూసింది. “ఇదిగో, మళ్ళీ మొదలెట్టాడు. ఇంతవాడయ్యాడు గాని ఏరుకుని తినే బుద్ధి పోలేదు,” అంది. కోళ్ళను పిలిచి వేసింది. నేను ఇంటికి పోయి, సిగ్గు లేకుండా, ఆ సాయంత్రం ప్రశాంతంగా చదువుకున్నాను.

ఆ తరువాత ఐదు వారాలు ఆమె రోజూ అలసందలే వండింది. గుమ్మడాకు అయిపోయిందంది ఒకసారి. నిజమే, మంచు పడి అందరి పాదులూ నల్లబడ్డాయి. కాని తినని కొడుక్కి రోజూ అదే వండి పంపే తల్లి ఉంటుందా? రోజూ నేను గుప్పెడు తీసేవాణ్ణి, రోజూ తిరిగి పెట్టేవాణ్ణి. రోజూ ఆమె వంచి చూసేది. తిట్టడం మాత్రం మెల్లగా మానేసింది. నన్నింకేమీ అడగలేదు. ఆమె అడిగితే చెప్పేద్దామని ప్రతిరోజూ అనుకునేవాణ్ణి. అడగని మనిషికి నేనుగా ఎలా చెప్పాలి అనుకుని తిరిగొచ్చేసేవాణ్ణి. పట్టీలు పెరుగుతూనే ఉన్నాయి. మొదట తుంటి, తరువాత మోకాలు, తరువాత చీలమండ.

పిల్లలు దిగే రోజు వచ్చింది. ఎవరి కొడుకు రాడో ఆ ఇంటి ముందు వాడి కుండ పగలగొట్టాలి. నోటితో చెప్పకూడదు. పగలగొట్టాల్సింది వాణ్ణి కొండ దాకా నడిపించినవాడే.

ముందు రోజు తిరిగివ్వకుండా నా దగ్గరే ఉంచుకున్న కుండ పట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. ఊళ్ళో మిగతా తల్లులంతా అప్పటికే పొడుగు కన్నీళ్ళు కట్టుకుని, మెడల నిండా కంటెలు వేసుకుని వాకిళ్ళలో నిలబడ్డారు. ఆ కంటెల్లో సగం నాకబీనీ చేతివే. ఆమె మాత్రం రోజువారీ గౌనులోనే అరుగు మీద కూర్చుని ఉంది. పట్టీలు రెండూ పూర్తయి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాయి, కొసలు నేల తాకుతూ. దుప్పటి నాకు కనబడలేదు. ఆ రోజు నేను దుప్పటి కోసం చూడలేదు, అది నిజం.

కుండ మెడకున్న మూడు నీలం పూసలు విప్పి ఆమె చేతిలో పెడదామనిపించింది. ముడి రాలేదు. కుండ గుమ్మం ముందు వదిలేశాను. ఎత్తి కొట్టలేదు, అయినా ముక్కలైంది.

నాకబీనీ ముక్కల వంక చూసింది, తరువాత నా వంక.

“ఏరెయ్యి మరిదీ. పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు,” అంది.

నేను వంగి ఏరుతుంటే లేచి, మేకు మీది పట్టీలు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు కొడుకు రాని తల్లి గొంతెత్తి ఏడవకూడదు. ఎదుటివాళ్ళ సంతోషం చెడుతుంది. ఏడుపు వినబడలేదు. మధ్యాహ్నం పిల్లలు పాట పాడుతూ కొత్త దుప్పట్లలో దిగారు. సెలీనా తన పొట్టి పట్టీలు కట్టుకుని ఆడింది, ఆడుతూ ఆడుతూ ఆ తలుపు ముందుకు వచ్చినప్పుడు మాత్రం పాదాలు చప్పుడు కాకుండా వేసింది.

రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. సెలీనా గంజి తీసుకువెళ్తే లోపలి నుంచి, అక్కడ పెట్టి వెళ్ళు అందట. మూడో రోజు పొద్దున నేను మా ఇంటి తలుపు తీస్తే బయటి గడియకు కంటె తగిలించి ఉంది. అంతా తెల్లపూసలు, మధ్యలో మూడే నీలం పూసలు. నేను ఏరిన ముక్కల్లో ఆ నీలం పూసలు కనబడలేదని అప్పుడు గుర్తొచ్చింది. తెల్లవి పొడుగు కన్నీళ్ళవి. పట్టీలు రెండూ ఊడదీసి చేసిన కంటె అది. భార్యా కూతుళ్ళూ లేని నాకు మెడకంటె ఎందుకు ఇచ్చిందో, వేసుకునేవాళ్ళు లేకుండా ఉండాలనే ఇచ్చిందేమో.

పని తెలిసిన ఆడవాళ్ళను మొన్న అడిగాను. అన్ని పూసలు ఊడదీసి, గడ్డి పేని, గుడ్డ చుట్టి, మళ్ళీ కుట్టాలంటే రెండు రోజులు చాలవన్నారు. గడ్డీ గుడ్డా ముందే చుట్టి సిద్ధంగా ఉంటే సరిపోతుందన్నారు. నిద్రపోకపోతేనో అని అడిగాను. నిద్రపోకపోతే చెప్పలేం అన్నారు. ముందే కోసి ఉంటే, ఐదు వారాలు అన్నీ తెలిసే నా అబద్ధాన్ని ఆమె కుండలోంచి తీసి కోళ్ళకు వేసింది. తరువాత కోసి ఉంటే, ఆ ఐదు వారాలూ ఆమె దగ్గర నేను కాజేసినవి. ఏది తక్కువ పాపమో నాకు తేలడం లేదు.

కంటె దొరికిన రోజు బడి అయ్యాక వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాల్సినవన్నీ చెబుదామనుకున్నాను. పది గంటలకు నాలుగో తరగతి పిల్లలు గొంతు కలిపి పాఠం చదువుతున్నారు. కిటికీలోంచి ప్రిటోరియా బస్సు ఆగే చోటు కనబడుతుంది. నాకబీనీ అక్కడ నిలబడి ఉంది. మెడలో ఏమీ లేదు. ఆమె మెడను ఖాళీగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పిల్లలు చదవడం ఆపి నా వంక చూశారు. చదవండి అన్నాను.

బస్సు వచ్చింది. ఆమె ముందు మూట లోపలికి తోసింది, తరువాత తను ఎక్కింది. బడి వైపు తిరగలేదు.